పది అడుగుల ఇంట్లో తల ఎందుకు తగులుతుంది?

అమలాపురంలోనో, రాజోలు దగ్గరో, కొత్తపేట సెంటర్‌కి కాస్త ఎడంగానో కొత్తగా కట్టిన ఇల్లు చూడ్డానికి వెళ్తారు. హాలు బాగుంటుంది. కిటికీలోంచి గాలి, కిటికీ అవతల కొబ్బరితోట. స్లాబు ఎత్తు ఎంతని అడిగితే పది అడుగులంటారు. కొలిచి చూసినా పదే ఉంటుంది. పై గదులు చూద్దామని మెట్లెక్కుతూ ఆరో మెట్టు మీద కాలు పెట్టేసరికి తల వెళ్లి బీము అంచుకి కొట్టుకుంటుంది. ఇల్లు చూపిస్తున్నాయన "ఇక్కడ కాస్త తల వంచుకోండి బాబూ" అంటాడు. మీరు వంచుకుంటారు. పైన బాల్కనీ చూశాక ఆ సంగతి మరిచిపోతారు.

పది అడుగుల ఎత్తున్న ఇంట్లో అయిదున్నర అడుగుల మనిషికి తల ఎలా తగిలింది? మిగిలిన నాలుగున్నర అడుగులూ ఎటు పోయాయి?

దీనికి జవాబు తెలిసినవాళ్లు బయానా ఇచ్చే ముందే జాగ్రత్తపడతారు. తెలియనివాళ్లు గృహప్రవేశం రోజున బీరువా పైకెక్కనప్పుడు తెలుసుకుంటారు. ఇంటికి రంగు మార్చుకోవచ్చు, టైల్సు పీకి కొత్తవి వేసుకోవచ్చు, వంటగట్టు పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. మెట్ల నెత్తిన ఉన్న కాంక్రీటు మాత్రం ఒకసారి పోశాక అక్కడే ఉంటుంది. అందుకే ఇంటి బేరంలో ఎవరూ అడగని ఈ కొలతని అన్నిటికన్నా ముందు అడగాలని నా గట్టి నమ్మకం.

కొలత ఎక్కడ పట్టాలి

గదిలో ఎత్తంటే నేల నుంచి సీలింగు దాకా. మెట్ల దగ్గర నేల ఒకచోట నిలవదు, అడుగడుగుకీ ఆరేడు అంగుళాలు లేస్తూ పోతుంది. పైన సీలింగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి తల మీద ఖాళీ ఒక్కో మెట్టు దగ్గర ఒక్కోలా ఉంటుంది. వాటిలో అన్నిటికన్నా తక్కువ ఎక్కడుందో అదే ఆ మెట్ల అసలు కొలత.

మెట్టు ముందంచు మీద టేపు ఆనించి నిట్టనిలువుగా పైకి పట్టాలి. ముందుగా తగిలేది బీము కావచ్చు, స్లాబు అంచు కావచ్చు, పై వరుస మెట్ల అడుగుభాగం కావచ్చు. అక్కడిదాకా ఎంతుందో అదే తలపై ఖాళీ. టేపు వాలితే లెక్క తప్పుతుంది. దారానికి చిన్న బరువు కట్టి పై అంచు నుంచి వేలాడదీస్తే సరిగ్గా ఏ మెట్టు మీదికి వస్తుందో తెలిసిపోతుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మెట్ల కింద నుంచీ ల్యాండింగ్ కింద నుంచీ నడిచే దారికి కనీసం 2.2 మీటర్ల ఎత్తుండాలి. మన లెక్కలో అది సుమారు 7 అడుగుల 3 అంగుళాలు. మెట్ల మీద తలపై ఖాళీకి కూడా ఇక్కడ అదే కొలత తీసుకుందాం. అమెరికాలో ఇళ్లకి వాడే నియమావళి 6 అడుగుల 8 అంగుళాలతో సరిపెట్టుకుంటుంది. ఇంగ్లండులో 2 మీటర్లు చాలు. ఈ మూడింటిలో మనదే ఉదారమైన కొలత, అలా ఉండటమే మనకి సరైనదని అనుకుంటాను. మన ఇళ్లలో మెట్ల మీద మనిషి ఒక్కడే ఎక్కడు. నెత్తిన బియ్యం బస్తా ఎక్కుతుంది, కొబ్బరికాయల గంప ఎక్కుతుంది, తండ్రి భుజాల మీద పిల్లాడు ఎక్కుతాడు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ దించేదీ ఆ మెట్ల మీదుగానే.

స్లాబు అంచు ఒక మెట్టు ముందుకొస్తే

ఇప్పుడు ఆ నాలుగున్నర అడుగుల సంగతి. ఇంటి లోపల మెట్లుండే డూప్లెక్సు ఇల్లు ఒకటి తీసుకుందాం. కింది నేల నుంచి పై నేలకి పది అడుగులు, అంటే 120 అంగుళాలు. ఏడేసి అంగుళాల చొప్పున పదిహేడు మెట్లు. ఒక్కో మెట్టు మీద పాదం పెట్టే వెడల్పు పది అంగుళాలు. మెట్లు పైకి వెళ్లాలంటే పై స్లాబులో కొంత మేర పోయకుండా ఓపెనింగ్ వదులుతారు. ఆ ఓపెనింగ్ అంచున స్లాబుని మోయడానికి బీము ఉంటుంది. స్లాబు, బీము, పైన గ్రానైటు, కింద పూత అన్నీ కలిపి ఒక అడుగు మందం అనుకుంటే, కింద నిలబడ్డవాడికి బీము అడుగు 9 అడుగుల ఎత్తులో, అంటే 108 అంగుళాల దగ్గర ఉంటుంది.

మొదటి మెట్టు ఎక్కితే ఆ 108లోంచి ఏడు పోతాయి. రెండో మెట్టుకి పద్నాలుగు, మూడో మెట్టుకి ఇరవై ఒకటి. మిగిలింది 87 అంగుళాలు, సరిగ్గా 7 అడుగుల 3 అంగుళాలు. నియమం చెప్పిన కొలత అక్కడికే అయిపోయింది. నాలుగో మెట్టు నుంచి నెత్తి మీద స్లాబు ఉండకూడదన్నమాట. అక్కడి నుంచి పైదాకా ఓపెనింగ్ వదిలిపెట్టాలి. పది అడుగుల ఇంట్లో మనకి నిజంగా ఉన్న వెసులుబాటు మూడు మెట్లే!

ఆ అంచు ఇంకొక్క మెట్టు ముందుకొచ్చి నాలుగో మెట్టుని కూడా కప్పిందనుకోండి, తల మీద మిగిలేది 6 అడుగుల 8 అంగుళాలు. అయిదో మెట్టుని కూడా కప్పితే 6 అడుగుల 1 అంగుళం. ఆరో మెట్టు దాకా వస్తే 5 అడుగుల 6 అంగుళాలు. మీ తల తగిలింది అక్కడే.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇంటి ఎత్తు ఎవరూ తగ్గించలేదు. ఎవరో పై గదికి అడ్డంగా రెండున్నర అడుగుల నేల కలుపుకున్నారు, అంతే. పైన పది అంగుళాల నేల కలిస్తే కింద తల మీద ఏడంగుళాలు పోతాయి. తలపై ఖాళీ నిలువు కొలతే అయినా దాన్ని తినేది మాత్రం అడ్డం కొలత. అందుకే స్లాబు ఎత్తు పది అడుగులా, పదిన్నరా అని ఎంత అడిగినా ఈ లోపం బయటపడదు.

ఇది చాలాసార్లు దురుద్దేశంతో జరిగే పని కాదు. అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన మూడు నాలుగు సెంట్ల స్థలంలో కట్టే ఇల్లది. సెంట్రింగ్ కొడుతున్నప్పుడు పై బెడ్రూము ఇరుకనిపిస్తుంది. బీరువాకి చోటు లేదంటారు ఇంట్లోవాళ్లు. ఓపెనింగ్‌లోంచి రెండడుగులు తగ్గిస్తే గది సర్దుకుంటుంది కదా అని మేస్త్రీ సలహా ఇస్తాడు, యజమాని సరేనంటాడు. ఆ రోజుకి కింద మెట్లు ఇంకా పోయలేదు, అక్కడ నిచ్చెన మాత్రమే ఉంది. మెట్లు పోసి సెంట్రింగ్ విప్పాకే విషయం తెలుస్తుంది.

మెట్లు పోయకముందే పసిగట్టిన కొందరు ఇంకో పని చేస్తారు. పాదం పెట్టే వెడల్పుని పది అంగుళాల నుంచి ఎనిమిదికి తగ్గించి మెట్లు నిటారుగా పోస్తారు. పై లెక్కనే తీసుకుంటే, అంచు ఆరో మెట్టు దాకా వచ్చిన ఇంట్లో ఇలా చేస్తే అదే అంచు మూడో మెట్టు మీదికి వెళ్తుంది, తల మీద 7 అడుగుల 3 అంగుళాలు తిరిగి వచ్చేస్తుంది. తల బతికింది కానీ పాదం పట్టే చోటు పోయింది. నియమావళి ఇళ్లకి చెప్పిన కనీస వెడల్పు 250 మిల్లీమీటర్లు, అంటే దాదాపు పది అంగుళాలు. మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదు. కాబట్టి తల తగలని మెట్లు దొరికాయని సంతోషించే ముందు మీ పాదం మొత్తం మెట్టు మీద ఆనుతోందో లేదో చూసుకోండి. మడమ గాల్లో ఉంటే, అరవై దాటినవాళ్లకి ఆ ఇంట్లో మేడ ఉన్నా లేనట్టే.

———

బాక్సు: మెట్టుకీ అడుగుకీ ఉన్న చుట్టరికం

ఫ్రాన్సులో 1671లో మొదలైన రాజ వాస్తుశిల్ప అకాడమీకి తొలి అధిపతి ఫ్రాంస్వా బ్లోండెల్. 1675లో అచ్చవడం మొదలైన తన పాఠ్యగ్రంథంలో ఆయన మెట్లకి ఒక సూత్రం చెప్పాడు. సమతలం మీద మనిషి అడుగు 24 అంగుళాలు, అదీ అప్పటి ఫ్రెంచి అంగుళాల్లో. మనిషి ఒక అంగుళం పైకి లేవడానికి పడే శ్రమ రెండంగుళాలు ముందుకి నడవడానికి సమానం. కాబట్టి మెట్టు ఎత్తుని రెండింతలు చేసి దానికి వెడల్పు కలిపితే ఆ అడుగుతో సరిపోవాలి.

మన అంగుళాల్లోనూ ఇది చక్కగా కుదురుతుంది. ఏడు అంగుళాల ఎత్తుకి రెండింతలు పద్నాలుగు, దానికి పది అంగుళాల వెడల్పు కలిపితే ఇరవై నాలుగు. అదే ఏడంగుళాల ఎత్తుకి ఎనిమిది అంగుళాల వెడల్పు పెడితే ఇరవై రెండే వస్తుంది, నడక ఇరుకవుతుంది. మూడున్నర శతాబ్దాలు గడిచినా మెట్లు గీసేవాళ్లు నేటికీ ఈ లెక్కకి అటూ ఇటూగానే గీస్తున్నారు.

———

ల్యాండింగ్ కింద దారి

కోనసీమలో ఎక్కువ ఇళ్లకి మెట్లు బయట ఉంటాయి. పై వాటా అద్దెకిచ్చినా, రేపు కొడుకులిద్దరూ వేరుపడినా ఎవరి దారి వాళ్లకుంటుందని అలా పెట్టుకుంటారు. పక్క సందులో సగం దూరం ఒక వరుస, అక్కడ ల్యాండింగ్, వెనక్కి తిరిగి ఇంకో వరుస. ల్యాండింగ్ కింద నుంచి పెరట్లోకి దారి. లేదంటే అక్కడే ఒక బాత్రూమో మోటారు గదో.

ఇక్కడ లెక్క వేరు. మెట్లు సందులోని నేల నుంచి మొదలవుతాయి కాబట్టి ఇంటి పది అడుగులకీ బేస్‌మెంటు ఎత్తు కలుస్తుంది. బేస్‌మెంటు మూడడుగులైతే మొత్తం పదమూడు అడుగులు ఎక్కాలి. ఏడేసి అంగుళాల చొప్పున ఇరవై రెండు మెట్లు. సగానికి సగం, పదకొండు ఇటు పదకొండు అటు పెడితే ల్యాండింగ్ 6 అడుగుల 6 అంగుళాల ఎత్తులో వస్తుంది. దాని కింద అడుగు మందం బీము ఉంటే నడిచేవాడికి మిగిలేది 5 అడుగుల 6 అంగుళాలు. సమానంగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని చేసిన పని పెరట్లోకి వెళ్లే దారిని మూసేసినట్టయింది.

మొదటి వరుసలో పద్నాలుగు, రెండో వరుసలో ఎనిమిది పెడితే ల్యాండింగ్ 8 అడుగుల 3 అంగుళాలకి లేస్తుంది. బీము పోను 7 అడుగుల 3 అంగుళాలు దొరుకుతుంది. ఖర్చేమిటి? మొదటి వరుస మూడు మెట్లు పొడవైంది కాబట్టి సందులో ఇంకో రెండున్నర అడుగుల పొడవు కావాలి. ఇక్కడా అదే న్యాయం, ఎత్తు కావాలంటే పొడవు ఇచ్చుకోవాల్సిందే. పద్నాలుగు మెట్లు ఒక్క ఊపులో ఎక్కడం పెద్దవాళ్లకి కష్టమనుకుంటే, స్థలం ఉన్నవాళ్లు మూడు వరుసలుగా విడగొట్టి రెండు ల్యాండింగులు పెట్టుకోవచ్చు.

బేసి సంఖ్యలో మెట్లుండాలని పట్టుబట్టే ఇళ్లు మన దగ్గర ఎక్కువ. ఆ పట్టింపు ఈ లెక్కకి అడ్డేమీ కాదు. ఇరవై మూడు పెట్టుకుంటే మెట్టు ఎత్తు కాస్త తగ్గి ఎక్కడం ఇంకా సులువవుతుంది. చిక్కల్లా మేస్త్రీకి మెట్ల సంఖ్య మాత్రమే చెప్పి, ల్యాండింగ్ ఎంత ఎత్తులో రావాలో చెప్పకపోవడంలో ఉంది.

ల్యాండింగ్ బీము సంగతి కూడా అనుకున్నంత ఖాయమేమీ కాదు. ఏటవాలు స్లాబు వచ్చి ఆనడానికి అక్కడ బీము పెట్టడం అలవాటు. ఇంజినీరు చేత గీయిస్తే ల్యాండింగుని, మెట్ల వరుసని ఒకే స్లాబుగా మడిచి అంచు బీము లేకుండా పోయొచ్చు. లేదా బీముని స్లాబు కిందికి కాకుండా పైకి లేపి పోయొచ్చు, ఇన్వర్టెడ్ బీము అంటారు దాన్ని. ఏది చేసినా కింద ఆరేడు అంగుళాలు కలిసొస్తాయి. అది కాగితం మీద ఉన్నప్పుడు అడగాల్సిన మాట.

దిగేటప్పుడే గట్టిగా ఎందుకు తగులుతుంది

తక్కువ ఖాళీ ఉన్న మెట్ల దగ్గర కాసేపు నిలబడి చూస్తే, ఎక్కేవాళ్లు మాడు రుద్దుకుంటారు, దిగేవాళ్లు నుదురు పట్టుకుంటారు. దెబ్బ తీవ్రత కూడా దిగేవాళ్లకే ఎక్కువ.

ఎక్కేటప్పుడు మనం స్లాబు కిందే ఉండి బయటికి వస్తుంటాం. ఒక్కో అడుగుకీ సీలింగు దగ్గరవుతుంది, మాడుకి తగిలేది బీము అడుగుభాగం. దిగేటప్పుడు ఓపెనింగ్‌లోంచి వచ్చి స్లాబు కిందికి దూరతాం. అప్పుడు ముఖానికి ఎదురయ్యేది బీము పదునైన అంచు. పైగా దిగడంలో శరీరం ముందుగా ముందుకి కదులుతుంది, ఆ తరవాతే కిందికి దిగుతుంది. పాదం ఇంకా పై మెట్టు మీదే ఉండగానే తల కింది మెట్టు మీదికి వెళ్లిపోతుంది. అంటే ఆ క్షణంలో తలకి దక్కే ఖాళీ టేపు చెప్పినదానికన్నా దాదాపు ఒక మెట్టు ఎత్తు తక్కువ. టేపు 6 అడుగుల 1 అంగుళం చూపించిన చోట, దిగుతున్న మనిషికి ఉన్నది అయిదున్నర అడుగులే.

దీనికి కళ్లు తోడవుతాయి. మన చూపు నేరుగా ఉన్నప్పుడు పైకి సుమారు 60 డిగ్రీల మేర, కిందికి 70 డిగ్రీలకి పైగా కనిపిస్తుంది. పైవైపు నుదురు, కనుబొమలు అడ్డం. మెట్లు దిగేటప్పుడు తల వంచి పాదాల వైపు చూస్తాం, దాంతో పైన ఉన్నది చూపులోంచి పూర్తిగా తప్పుకుంటుంది. జాగ్రత్తగా దిగేవాడికే, అంటే మెట్లని చూసుకుంటూ దిగేవాడికే, తల తగిలే అవకాశం ఎక్కువ. "చూసుకుని నడవొద్దా" అని తిట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి. తప్పు మెట్లదే.

నడకలో తల రెండంగుళాల మేర లేచి పడుతుంటుంది. చెప్పులు ఒక అంగుళం. కాబట్టి 5 అడుగుల 8 అంగుళాల మనిషికి కదలికలో 5 అడుగుల 11 అంగుళాలు కావాలి. మన మగవాళ్ల సగటు ఎత్తు అయిదున్నర అడుగుల దగ్గర ఉంటుంది కనక ఆరడుగులు చాలనుకోవడం పొరపాటు. మెట్లు సగటు మనిషి కోసం కట్టేవి కావు, ఆ ఇంట్లోకి రాబోయే పొడుగాటి అల్లుడి కోసమూ కట్టాలి.

మెరక వేసిన ప్రతిసారీ

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కడి ఇంటికైనా వర్తిస్తుంది. కోనసీమకి మాత్రమే చెందిన కారణం ఇంకొకటి ఉంది, ఇక్కడి నేల.

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఒండ్రుతో ఏర్పడిన పల్లపు ప్రాంతమిది. కొద్ది అడుగులు తవ్వితే నీళ్లు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటినప్పుడు, మళ్లీ 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు లంక గ్రామాల ఇళ్లలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద గీతలు పెట్టుకున్నవాళ్లున్నారు. 1996 నవంబరు 6 నాటి తుపాను సంగతి ఇక్కడ పెద్దవాళ్లెవరిని అడిగినా చెబుతారు. ఇల్లు కట్టడానికి ముందు స్థలాన్ని మట్టితో మెరక చేయడం, బేస్‌మెంటు ఎత్తుగా లేపడం ఇక్కడివాళ్లు అనుభవంతో నేర్చుకున్న విద్య.

ఇల్లు కట్టాక కూడా మెరక ఆగదు. వీధిలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు. ఇంటి ముందు నేల పల్లమవుతుంది, వాననీరు లోపలికి తన్నుతుంది. సందు మెరక వేయిస్తారు. పదేళ్లకి ఇంకో పొర. ఒక్కోసారి ఇంట్లో నేల కూడా పెంచి, పాత మొజాయిక్ మీదే కొత్త టైల్సు పరుస్తారు.

కింద నేల లేచింది, పైన ల్యాండింగ్ కదల్లేదు. సందు తొమ్మిది అంగుళాలు మెరక వేస్తే ల్యాండింగ్ కింద దారిలో తలపై ఖాళీ తొమ్మిది అంగుళాలు తగ్గుతుంది. ఒకప్పుడు సరిగ్గా కట్టిన 7 అడుగుల 3 అంగుళాల దారి కూడా అలాంటి రెండు మెరకలకి 5 అడుగుల 9 అంగుళాలకి వచ్చేస్తుంది. మొదటి మెట్టు నేలలో పూడుకుపోయి ఉండటం దీనికి గుర్తు. పాత ఇల్లు బాగుచేసి రంగులేసి కొత్తదానిలా అమ్ముతున్నప్పుడు కింది మెట్టు ఎత్తు, దాని పై మెట్టు ఎత్తు విడివిడిగా కొలవండి. కిందిది మూడు నాలుగు అంగుళాలే ఉంటే ఆ ఇంట్లో నేల లేచినట్టే. అలాంటి ఒంటి తేడా మెట్టు కాలికీ ప్రమాదమే, ఎందుకంటే పాదం ముందు మెట్టు కొలతని గుర్తుపెట్టుకుని తరవాతిది కూడా అంతే ఉంటుందని పడుతుంది.

పాత ఇంటి మెట్ల దగ్గర ఇంకో ఆనవాలు వెతకండి. బీము అంచున, సుమారు మనిషి తల ఎత్తులో, సున్నం మీద జానెడు మేర నల్లగా నూనె మరక ఉంటుంది. కొబ్బరినూనె రాసుకున్న తలలు ఏళ్ల తరబడి తాకగా పడిన మరక అది. అంచు పూత చెక్కులు లేచి ఉంటే అక్కడ మంచాలు, బీరువాలు తగిలాయని అర్థం. అమ్మేముందు తాజాగా ఆ ఒక్క బీముకే రంగేసి ఉన్నా అనుమానించాల్సిందే.

ప్లానులో ఎందుకు కనిపించదు

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు చాలా కుటుంబాల్లో ఒకరైనా కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఖతార్‌లోనో పనిచేస్తుంటారు. ఏళ్ల కష్టార్జితంతో ఇల్లు కొనే ఆ మనిషి ఇంటిని మొదట చూసేది ఫోన్లో, ప్లాను రూపంలో. ఆ ప్లానులో మెట్లు ఎప్పుడూ చక్కగానే ఉంటాయి. కొబ్బరిచెట్టు ఎక్కి కిందికి చూస్తే తోటలో ఎవరెక్కడున్నారో తెలుస్తుంది, ఎవరు పొడుగో ఎవరు పొట్టో తెలియదు. ప్లాను అలాంటి చూపే. మెట్ల వెడల్పు, సంఖ్య, తిరిగే దిక్కు అన్నీ చెబుతుంది, తల మీద ఏముందో చెప్పదు. ఫొటోలూ అంతే. గది విశాలంగా కనబడేలా తీసే ఫొటోల్లో బీము నిజంగా ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది.

తలపై ఖాళీ కనిపించేది సెక్షన్‌లో. ఇంటిని పైనుంచి కిందికి నిలువుగా కోసినట్టు గీసే బొమ్మ అది. అనుమతి కోసం ఇచ్చే డ్రాయింగుల్లో సెక్షన్ కూడా ఉంటుంది. కానీ ఆ కోత గీత మెట్ల మీదుగా వెళ్లిందా, లేక గదుల మీదుగా వెళ్లిందా అన్నది చూడాలి. మెట్ల మీదుగా కోసిన సెక్షన్ పంపమని అడగండి. "అవన్నీ ఎందుకండీ, మేస్త్రీ మంచివాడు" అని జవాబొస్తే, సెక్షన్ వచ్చేదాకా డబ్బు పంపకండి.

చట్టం అండ కూడా కొంత ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టుని ఆమోదం పొందిన ప్లాను ప్రకారమే కట్టాలి. స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్లలో నిర్మాణ లోపం బయటపడి ఫిర్యాదు చేస్తే, 30 రోజుల్లోగా ఉచితంగా సరిచేయాల్సింది ప్రమోటరే. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు మించకుండానో కట్టినవాటికి ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన ఊళ్లలో విడి ఇళ్లు ఎక్కువగా ఆ కోవలోకే వస్తాయి. కాబట్టి అమ్మకం ఒప్పందం రాసుకునేటప్పుడే మెట్ల మీద, ల్యాండింగ్ కింద తలపై ఖాళీ ఇంత ఉంటుందని ఒక్క వాక్యం రాయించుకోవడం మేలు.

బీము చెక్కించకండి

ఇల్లు కొన్నాక బాధ భరించలేక కొందరు బీము అడుగున రెండంగుళాలు చెక్కించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బీము బరువు మోస్తున్నప్పుడు దాని పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుని బాగా తట్టుకుంటుంది, సాగదీతకి పగులుతుంది. అందుకే ముఖ్యమైన ఇనుప కడ్డీలు అడుగున పెడతారు. మీరు చెక్కించేది సరిగ్గా ఆ కడ్డీలని కాపాడుతున్న పొరని.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది మరీ ప్రమాదం. ఉప్పుగాలిలోని లవణం సన్నటి పగుళ్లగుండా కడ్డీని చేరి తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని చీలుస్తుంది. కాంక్రీటు నిర్మాణాలకి మన దేశం వాడే ప్రమాణం ఐఎస్ 456 కడ్డీ మీద ఉండాల్సిన పొర మందాన్ని వాతావరణాన్ని బట్టి పెంచుతూ పోయింది. మామూలు చోట 20 మిల్లీమీటర్లు, ఒక మోస్తరు తీవ్రత ఉన్నచోట 30, సముద్రతీర వాతావరణానికి గురయ్యే చోట 45. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇల్లున్నవాళ్లు పొర పెంచుకోవాలి కానీ తీసేసుకోకూడదు.

ఓపెనింగ్ పెద్దది చేయాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి కొత్త బీము ఎక్కడ వేయాలో, అది పోసేదాకా స్లాబుకి ఆసరా ఎలా పెట్టాలో చెప్పాక మొదలుపెట్టాలి. అంత చేయలేనివాళ్లు అంచుకి మందపాటి రబ్బరు అంటించి, కంటికి కొట్టొచ్చే రంగేసి, అక్కడొక దీపం పెట్టుకోవచ్చు. దెబ్బ తీవ్రత తగ్గుతుంది, ఖాళీ మాత్రం పెరగదు. ల్యాండింగ్ కింద ఫాల్స్ సీలింగ్ ఉంటే తీసేయించండి, నాలుగయిదు అంగుళాలు అక్కడే దాక్కుని ఉంటాయి.

బయానాకి ముందు

ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి, ఇంట్లో అందరికన్నా పొడుగైన మనిషిని వెంట తీసుకెళ్లండి. ఓపెనింగ్ అంచు కింద ఒకసారి, ల్యాండింగ్ కింద ఒకసారి, డాబా మీదికి తెరుచుకునే మెట్ల గది తలుపు దగ్గర ఒకసారి కొలవండి. ఆఖరిది చాలామంది వదిలేస్తారు. ఖర్చు తగ్గించాలని అక్కడి స్లాబుని కిందికి దించి పోసే ఇళ్లు ఎన్నో.

ఇల్లు ఇంకా గ్రానైటు వేయని దశలో ఉంటే, కొలిచినదాంట్లోంచి రెండున్నర అంగుళాలు తీసేయండి. మెట్టు మీద రాయి, కింద సిమెంటు, పైన పూత ఆ మేరకు తినేస్తాయి. ఆ పొడుగాటి మనిషిని ఒకసారి మామూలు వేగంతో, తల వంచకుండా పై నుంచి కిందికి దిగమనండి. దిగుతూ ఆయన చెయ్యి తనంతట తానే తల మీదికి వెళ్తే టేపు చూడక్కర్లేదు.

ఏడడుగుల మూడంగుళాలు ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లండి. ఆరడుగుల ఎనిమిది ఉంటే ఆలోచించి, బేరంలో ఆ లోటు చెప్పి మాట్లాడండి. ఆరున్నర అడుగులకి తక్కువైతే, మెట్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చు ఇంజినీరు చేత రాయించి ధరలోంచి తగ్గించమనండి. ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు చూసుకోండి.